ఆటకై ఇల్లు విడుచు పిల్లలు

ప్రతి సంవత్సరమును వేసవి సెలవులు ముగిసి జూన్ మాసమున బడి తెరచునప్పటికి మా కార్యాలయపు బల్లమీద టీసీల కొరకైన అర్జీలు కొన్ని చేరుచుండును. తండ్రికి గోదావరిఖనిలో పని దొరికినదనియో, కుటుంబము హైదరాబాదునకు తరలిపోవుచున్నదనియో, అన్నకు కరీంనగరపు కళాశాలలో చోటు వచ్చినందున తమ్ముడును అచ్చటనే చదువుననియో వానిలో వ్రాయబడి యుండును. ఇట్టివాని నడుమ ఈ కొలది యేండ్లుగా మరియొక విధమైన అర్జీ కానవచ్చుచున్నది. మా బిడ్డకు ఆటల బడిలో చోటు దొరికినది, టీసీ ఇప్పింపవలయునని దాని సారాంశము. అర్జీ రెండు పంక్తులకు మించదు. కాని ఆ రెండు పంక్తులు వ్రాయుటకు ముందు ఆ యింట ఎన్ని రాత్రులు నిద్ర లేక గడచినవో ఉపాధ్యాయులమైన మాకు కొంత తెలియును.

చదువు కొరకు పిల్లలు ఇల్లు విడుచుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. ఆట కొరకు విడుచుట క్రొత్త. పరీక్ష తప్పినవాడు మరల వ్రాయవచ్చును. మోకాలు చెడినవాడు మరల అట్లే పరుగెత్తగలడని ఎవరును మాట ఇయ్యజాలరు. అందుచేత ఈ విషయమును గూర్చి మాకు అనుభవమున తెలిసినవియు, చదివి తెలిసికొన్నవియు నగు కొన్ని మాటలు విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింప గోరుచున్నాము.

మన రాష్ట్రమున ఆటల బడులలో మిక్కిలి పేరు పొందినది సికిందరాబాదునకు చేరువనున్న హకీంపేట క్రీడాపాఠశాల. కరీంనగరమునను ఆదిలాబాదునను ప్రాంతీయ క్రీడాపాఠశాలలు కలవు. వీనిలో పిల్లలను నాలుగవ తరగతిలో చేర్చుకొందురు. అనగా ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమువారిని. ఎత్తును బరువును కొలిచెదరు. 30 మీటర్లు పరుగెత్తించి కాలము లెక్కింతురు. నిలుచున్నచోటి నుండి ముందునకు దుముకుమందురు, పైకి ఎగురుమందురు, బరువైన మెడిసిన్ బంతిని విసరుమందురు. తుదకు 800 మీటర్లు పరుగెత్తింతురు. ఈ కొలతలన్నియు అవసరమైనవే. అయినను, రాత్రి దీపములార్పిన తరువాత తల్లి జ్ఞప్తికి వచ్చినప్పుడు ఆ బిడ్డ ఎంతవరకు ఓర్చుకొనగలదో కొలుచు కొలబద్ద ఎవరియొద్దను లేదు. ఆ సంగతి ఇంటివారే ఆలోచింపవలసి యున్నది.

గడచిన వేసవిలో మా ఊరి రైసుమిల్లులో హమాలీగా పనిచేయు నొకాయన తన కూతురిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలిక మాయొద్ద ఎనిమిదవ తరగతి ముగించినది. కబడ్డీలో కూతకు పోయిన ముగ్గురిని తాకి తిరిగి రాగల నేర్పరి. జిల్లా పోటీలలో ఆమెను చూచిన యొక శిక్షకుడు, దూరపు పట్టణములోని తమ అకాడమీకి పంపినయెడల తిండియు వసతియు తామే చూచుకొందుమని చెప్పి పోయెనట. ఆ తండ్రి కూర్చుండుమన్నను కూర్చుండక అడిగెను: "సార్, పొల్లను తోలియ్యాల్నా, ఉంచుకోవాల్నా? మీరేది చెప్తే గదే చేస్త." మేము బాలిక వైపు చూచితిమి. ఆమె నేల చూచుచు, "పోత సార్. గని నా పదో తరగతి ఆగిపోతదా?" అనెను.

ఆ తండ్రి ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్క మాటలో చెప్పుట సులభము. కాని ఆ బాలిక ప్రశ్న అంతకంటె మంచి ప్రశ్న యని మాకు తోచినది. పోవలెనా వలదా యని తండ్రి అడిగెను. పోయినయెడల వెనుకనున్న త్రోవ మూసికొనిపోవునా యని బిడ్డ అడిగినది. మేము రెండు దినములు గడువు కోరి, ఈ విషయమై చదివియు విచారించియు చూచితిమి.

ఈ చిక్కు మన దేశపు బీదవారికి మాత్రమే కలిగినది కాదు. ఐరోపాఖండమున చలి దేశములలో ఐసు హాకీ అను ఆట కలదు. గడ్డకట్టిన మంచు మీద, అడుగున ఉక్కు అలుగులు గల జోళ్లు తొడిగికొని, వంపు కర్రలతో రబ్బరు బిళ్లను కొట్టుచు ఆడెదరు. ఆ ఆటలో పెద్ద జీతములిచ్చు లీగు అమెరికా కెనడా దేశములలో నున్నది, దానిని ఎన్.హెచ్.ఎల్. అందురు. ఫిన్లాండు, స్వీడను, చెక్, స్లొవాకియా, జర్మనీ, స్విట్జర్లాండు మొదలగు దేశముల బాలురు పదునారు పదునేడేండ్లు రాగానే ఒక విషయమును తేల్చుకొనవలసి వచ్చును. స్వదేశపు క్లబ్బులోనే యుండి ఎదుగుటయా, లేక సముద్రము దాటి కెనడా దేశపు జూనియరు లీగులలో చేరుటయా?

రెండు త్రోవలకును సాక్షులు కలరు. జర్మనీ దేశములోని కొలోన్ నగరమున పుట్టిన లియోన్ డ్రైసైటిల్ 2012 లో ఇంకను పదునేడు నిండకమునుపే కెనడాలోని ప్రిన్స్ ఆల్బర్ట్ జట్టునకు ఎంపికయ్యెను; 2014 లో ఎన్.హెచ్.ఎల్. వారి యెంపికలో మూడవవాడుగా నిలిచెను. స్విట్జర్లాండు బాలుడు నీకో హిషియర్ 2016 లో హాలిఫాక్స్ జట్టునకు పోయి, ఒక్క సంవత్సరమాడి, 2017 ఎంపికలో మొదటివాడయ్యెను. ఫిన్లాండు దేశస్థుడైన అలెగ్జాండర్ బార్కోవ్ అట్లు పోలేదు. తన ఊరి తప్పారా క్లబ్బులో పెద్దవారి నడుమ ఆడి, 2013 లో రెండవవాడుగా ఎన్నుకొనబడెను. ఆయన నాయకత్వమున ఫ్లోరిడా జట్టు 2024 లోను 2025 లోను స్టాన్లీ కప్పు గెలిచెను. కావున పోయినవాడే వృద్ధికి వచ్చుననియు, నిలిచినవాడు వెనుకబడుననియు చెప్పుటకు వీలులేదు.

పోవువారికి లాభములున్నవి. ఉత్తర అమెరికాలో ఆటస్థలము వెడల్పు సుమారు 26 మీటర్లు. ఐరోపాలో అది 30 మీటర్ల వరకు నుండును. ఇరుకు స్థలమున ఆటగాడు త్వరగా ఆలోచింపవలెను, దెబ్బలకు ఓర్వవలెను. అచ్చట ముందుగానే అలవాటుపడినవానికి తరువాతి మెట్టు సులభమగును. ఒక ఋతువులో అరువదికి పైగా పందెములు దొరకును. ఎంపిక చేయు పెద్దల కన్ను ప్రతి దినమును వారిమీద నుండును. నష్టములును కలవు. భాష క్రొత్తది, బస్సు ప్రయాణములు దీర్ఘములు, శీతకాలము కఠినము, తల్లి సముద్రమునకు ఆవల.

మమ్మును మిక్కిలి ఆకర్షించినది ఆ లాభనష్టముల పట్టిక కాదు. ఆ లీగులవారు చేసిన యేర్పాటులు. ఒకటి, పరదేశపు బాలుని సత్రములో పడవేయరు. ఆ ఊరిలోని యొక కుటుంబము వానిని తమ యింట నుంచుకొని, తమ పిల్లలతో పాటు కూర్చుండబెట్టి అన్నము పెట్టును. రెండు, బాలుడు ఆ లీగులో ఆడిన ఒక్కొక్క సంవత్సరమునకు ఒక్కొక్క సంవత్సరపు కళాశాల చదువు ఖర్చు కొన్ని నిబంధనలకు లోబడి కట్టి ఇయ్యబడును. ఆట ఫలింపకపోయినను చేతిలో పుస్తకము మిగులును. మూడవది మొన్నమొన్నటి వరకు లోపముగా నుండెను. కెనడా జూనియరు లీగులలో ఆడినవాడు జీతపు ఆటగాండ్రతో సమానుడని యెంచి, అమెరికా విశ్వవిద్యాలయముల జట్టులు వానిని చేర్చుకొనకుండెడివి. పదునారేండ్ల బాలుడు ఒక తలుపు తీసినంతనే వేరొక తలుపు వాని వెనుక మూసికొనెడిది. 2024 నవంబరులో ఆ నిబంధనను మార్చిరి. 2025 ఆగస్టు 1 నుండి ఆ తలుపును తెరచిరి.

అంత దూరపు దేశముల మాట మనకేల యని చదువరులు తలపవచ్చును. మన పొరుగున నిజామాబాదు కలదు గదా. నిఖత్ జరీన్ 1996 లో అచ్చట జన్మించెను. ఆమె 2009 లో బాక్సింగు శిక్షణకై విశాఖపట్టణమునకు పోయినది. 2011 లో తుర్కీ దేశములోని అంతాల్యాలో బాలికల ప్రపంచ పోటీలలో స్వర్ణపతకము గెలిచినది. వార్తాపత్రికలలో దీని తరువాతి పంక్తి 2022 లో ఇస్తాంబులున ప్రపంచ విజేత యగుటయే. కాని ఈ రెండు పంక్తుల నడుమ పదునొకండు సంవత్సరములున్నవి. వానిలో 2017 నాటి భుజపు గాయము, దానికి శస్త్రచికిత్స, కోలుకొనుటకు పట్టిన దినములు కలవు. 2023 లో న్యూఢిల్లీయందు మరల గెలిచినను, 2024 పారిస్ ఒలింపిక్సున రెండవ పందెముననే ఓడినది. పిల్లను పంపు తండ్రి ఆ రెండు పతకముల నడుమనున్న పదునొకండేండ్లను గూర్చియు యోచింపవలెను.

నిజామాబాదు జిల్లాకే చెందిన గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్ ఆటగత్తె. ఆమె ఒక్కసారిగా సముద్రము దాటలేదు. మొదట తన జిల్లాలో నేర్చుకొని, పిదప కేరళదేశపు గోకులం జట్టులో ఆడి, 2022 లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహానుతో కూడ క్రొయేషియా దేశములోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరినది. తరువాత మన దేశమునకు తిరిగి వచ్చి కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరగా, ఆ జట్టు 2024-25 సంవత్సరపు భారత మహిళా లీగును గెలిచినది. ఐరోపా నుండి తిరిగి వచ్చుట ఓటమి యని యెవరైన నాడు అనుకొనియుండినయెడల, వారి యెంచిక తప్పైనదని ఈ గెలుపే చెప్పుచున్నది.

ఇక వరంగల్ వైపు కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి కూలిపని చేయువారి బిడ్డ. పుట్టుకతోనే బుద్ధిమాంద్యము గలది. శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమె పరుగును గుర్తించి హైదరాబాదున శిక్షణ ఇచ్చెను. 2024 మే మాసమున జపానులోని కోబె నగరమున 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి తన వర్గములో ప్రపంచ రికార్డు స్థాపించినది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్సున కాంస్యము తెచ్చినది. ఈ మువ్వురి కథలలోను ఒక పోలిక కలదు. ఎవరును ఒంటరిగా పోలేదు. పోయినచోట వారి బరువును తన బరువుగా నెంచుకొనిన మనుష్యుడొకడు ఉండెను.

ఇల్లు విడుచుట యెట్టిదో మేము పుస్తకములలో మాత్రమే చదివినవారము కాము. మేము ఆరవ తరగతిలో వసతిగృహమున చేరినప్పుడు మాకు పదునొకండవ యేడు. తండ్రిగారు రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని వెంట వచ్చిరి. ద్వారమునొద్ద నిలిచి ఆయన చెప్పిన మాట నేటికిని మా చెవిలో నున్నది: "బిడ్డా, మనసున పట్టకుంటె వచ్చెయ్. ఇల్లు యాడికి పోదు." మా ప్రక్క మంచము బాలుని తండ్రి మరియొక మాట చెప్పి పోయెను: "పదో తరగతి పాసయ్యేదాక ఇంటి కడప తొక్కకు." సాయంకాలము ఆరు గంటల వేళ మా యిద్దరికిని ఒక్క తీరుననే కన్నీరు వచ్చెడిది. కాని మేము, రేపు పోవచ్చును గదా, ఈ దినము ఉందమని ప్రతి దినమును అనుకొనుచు అయిదేండ్లు ఉంటిమి. ఆ బాలుడు నెల దినములకే గోడ దూకి పారిపోయెను. ఇంటికి పోవుటకు ధైర్యము చాలక, రైల్వే స్టేషనులో రెండు రాత్రులు గడపగా ఎవరో గుర్తించి తోడుకొని వచ్చిరి. వాడు మా కంటె పిరికివాడు కాడు. ఆటలలో మా కంటె ముందుండెడివాడు. వానికి లేనిదెల్ల తిరిగి పోవుటకు ఒక త్రోవ మాత్రమే.

ఉపాధ్యాయులమైన పిమ్మట ఇదే సంగతిని వేరొక రూపమున చూచితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు తొమ్మిదవ తరగతి నడుమ విడిచి దూరపు అకాడమీ యొకదానికి పోయెను. రెండవ సంవత్సరమున మోకాలు చెడెను. విశ్రాంతి తీసికొని రమ్మని వారు ఇంటికి పంపిరి, మరల పిలువలేదు. అచ్చట వాని పేరు ఏ బడిలోను చేర్పబడి యుండలేదు. ఊరిలో ఎదురైనవారెల్ల "పోయి ఏం తెచ్చినవ్‌రా?" అని అడుగసాగిరి. ఆ మాటకు సిగ్గుపడి వాడు బడి యున్న వీధిని మానుకొని, చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోవుచుండెడివాడు. మా వ్యాయామోపాధ్యాయుడును మేమును వాని యింటికి నాలుగు పర్యాయములు పోయితిమి. నాలుగవ పర్యాయమున వాడు తలుపు తీసెను. సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి వ్రాయించితిమి, ఉత్తీర్ణుడయ్యెను. నేడు పెద్దపల్లిలో దుకాణము నడుపుకొనుచు, ఆదివారములందు మా పిల్లలకు కూత నేర్పుచున్నాడు. కాని వాడు చెరువు కట్ట వెంట తిరిగిన ఆ పదునాలుగు నెలలు ఎవరును తిరిగి ఇయ్యలేరు. మోకాటి దెబ్బ కంటె ఊరివారి ప్రశ్న వానిని ఎక్కువ బాధించినదని వాడే మాతో చెప్పెను.

రెండు దినముల పిమ్మట ఆ హమాలీ మరల వచ్చినప్పుడు మేము ఔననలేదు, కాదనలేదు. మీరు ముందుగా భార్యను బిడ్డను తీసికొని ఆ చోటికి పోయి కన్నులార చూచి రండని చెప్పి, ఒక కాగితము మీద అయిదు ప్రశ్నలు వ్రాసి యిచ్చితిమి. రాత్రివేళ ఆడపిల్లల గదులకు బాధ్యురాలగు స్త్రీ యెవరు? బిడ్డ పేరు ఏ బడిలో, ఏ తరగతిలో చేర్చెదరు; పదవ తరగతి పరీక్ష ఎచ్చట వ్రాయించెదరు? దెబ్బ తగిలినయెడల వైద్యమునకు ఖర్చు ఎవరిది. ఆ మాట కాగితము మీద నున్నదా? ఏడాదికి ఎన్ని మారులు ఇంటికి పంపెదరు. వారమునకు ఎన్ని మారులు ఫోనులో మాటాడనిత్తురు? మొదటి నాలుగు వారిని అడుగవలసినవి. అయిదవది మాత్రము మిమ్మునే మీరు అడుగుకొనవలెనని చెప్పితిమి. మూడవ నెలలో బిడ్డ ఏడ్చుచు వచ్చి ఇంక పోనని అన్నయెడల, మీరు ఏమందురు?

వారు పోయి చూచి వచ్చిరి. వసతి శుభ్రముగా నున్నదట; బాధ్యురాలైన స్త్రీతో తల్లి గంటసేపు మాటాడినదట. కాని చదువును గూర్చిన ప్రశ్నకు, ఆ సంగతి తరువాత చూతమని జవాబు వచ్చినదట. అప్పుడు తల్లి, బడిలో పేరు చేర్చిన రసీదు చేతికి రానిదే బిడ్డను విడువనని అచ్చటనే చెప్పినది. అక్షరము వ్రాయనేరని ఆ తల్లి మా కాగితములోని ప్రశ్నలలో ఏది ముఖ్యమో మా కంటె బాగుగా గ్రహించినది. పదునైదు దినములకు రసీదు వచ్చినది. జూలై మాసమున బాలిక పోయినది. ఆమె గొప్ప ఆటగత్తె యగునో కాదో మేము చెప్పజాలము. అర్ధసంవత్సర పరీక్షలలో గణితమున తనకు వచ్చిన మార్కులు మాత్రము మాకు ఫోనులో చెప్పినది. అవి మాయొద్ద నున్నప్పటి కంటె రెండు ఎక్కువ.

తలిదండ్రులారా, మీ బిడ్డకు ఇట్టి అవకాశము వచ్చినప్పుడు భయముచేత కట్టివేయకుడు, ఆశచేత త్రోసివేయకుడు. పంపునప్పుడు ఖర్చులకు పైకముతో పాటు, తిరిగి వచ్చుటకు అనుమతిని కూడ చేతికిచ్చి పంపుడు. ఆ అనుమతి యున్న బిడ్డ ఎక్కువ దినములు నిలువగలదని మేము మా బ్రతుకున కనుగొంటిమి.

ప్రియ విద్యార్థులారా, మీతో మాకు వేరొక మాట కలదు. మీ తరగతిలోని వాడొకడు రేపు హకీంపేటకో, విశాఖపట్టణమునకో, అంతకంటె దూరమునకో పోవచ్చును. పోవునాడు మీరు చప్పట్లు కొట్టి సాగనంపుదురు; అది మంచిదే. వాడు పతకము లేకుండ, కాలికి పట్టీతో బస్సు దిగిన నాడు, ఏమి తెచ్చితివని అడుగవలదు. ఈ దినము సాయంత్రము ఆటకు వచ్చెదవా యని అడుగుడు. వాడు ఆడలేనిస్థితిలో నున్నను, గట్టు మీద కూర్చుండుటకైన రాక మానడు.